గాజు పెట్టె పక్కన అమ్మానాన్నలకి చోటుండాల

"ఏడో నెల్లో పుట్టిన బిడ్డ బతుకుద్ది గానీ, ఎనిమిదో నెల్లో పుట్టింది బతకదు." మన వినగడప అరుగుల మీదా, గంపలగూడెం ఆటోల్లోనూ ఈ మాట ఇప్పటికీ వినపడతానే ఉంటది. పెద్దోళ్ళు చెప్పారు గదా అని మనమూ తలూపుతాం. ఈ మాట తప్పు. కడుపులో ఒక్కో వారం గడిచేకొద్దీ బిడ్డ బలపడుద్దే గానీ బలహీనపడదు. ఎనిమిదో నెల్లో పుట్టిన బిడ్డకి ఏడో నెల బిడ్డకన్నా బతికే అవకాశం చాలా ఎక్కువ. అయినా ఈ మాటని నమ్మి, "ఎనిమిదో నెలంట, ఇంక లాభం లేదులే" అని ఆశ వదులుకునే ఇళ్ళు ఉన్నయ్. ఒక తప్పు మాట బిడ్డ ప్రాణం మీదకి తెస్తదని చెప్పడానికే ఇక్కడ మొదలుపెట్టా.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో చాలామందికి ఇంకా పెళ్ళి కాలేదు. "మాకెందుకు ఈ సంగతి" అనుకోబాకండి. ఇంట్లో అక్కకి అర్ధరాత్రి నొప్పులొస్తే ఫోను చేసేది మీరే. బండి మాట్లాడేది మీరే. పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పిన మాట అమ్మకీ నాన్నకీ అర్థమయ్యేట్టు చెప్పాల్సింది కూడా మీరే. అందుకని నెలతక్కువ బిడ్డ ఇంటెన్సివ్ కేర్‌లో ఎట్టా ఎదుగుద్దో, ఆ రోజుల్లో కన్నోళ్ళు ఏం చెయ్యాల్నో, సర్కారు ఏం చెయ్యాల్నో వరసగా చెబుతా.

వారాల లెక్క

డాక్టర్లు నెలలు లెక్కెయ్యరు, వారాలు లెక్కేస్తారు. ఆఖరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి లెక్క. 37 వారాలు నిండక ముందే పుడితే నెలతక్కువ బిడ్డ. 32 నుంచి 37 వారాల మధ్య పుట్టినోళ్ళలో ఎక్కువమంది సరైన సంరక్షణ దొరికితే బతుకుతారు. 28 నుంచి 32 మధ్య పుడితే గట్టి వైద్యం కావాల. 28 లోపు పుడితే రోజు రోజూ ఒక యుద్ధమే.

ఇది ఎక్కడో ఒకరికి జరిగేది కాదు. 2020లో ప్రపంచం మొత్తం మీద కోటీ 34 లక్షల మంది బిడ్డలు ఇట్టా ముందే పుట్టారని లెక్క. అందులో దగ్గర దగ్గర 30 లక్షల మంది మన దేశంలోనే. అంటే మన దగ్గర పుట్టే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. మన బడిలో ఒక తరగతి గదిని తల్చుకోండి. అందులో ముగ్గురో నలుగురో ఇట్టా తొందరపడి వచ్చినోళ్ళే అయ్యుంటారు.

పుట్టకముందే మొదలయ్యే వైద్యం

నెలలు నిండకుండా నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా, అదే మొదటి గంట. "రేపు పొద్దున చూద్దాంలే" అనే మాటకి ఇక్కడ చోటు లేదు.

నెలతక్కువ బిడ్డకి మొదటి గండం ఊపిరితిత్తులతో. మన ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గాలి గదులు ఉంటయ్. ఊపిరి వదిలినప్పుడు అవి అతుక్కుపోకుండా లోపల సబ్బు నురగ లాంటి పదార్థం ఒకటి కాపాడుద్ది. దాన్నే సర్ఫాక్టెంట్ అంటారు. కడుపులో ఆఖరి వారాల్లో గానీ అది సరిపడా తయారు కాదు. ముందే పుట్టిన బిడ్డ ప్రతి ఊపిరికీ, అతుక్కుపోయిన కొత్త బుడగని ఊదినంత కష్టపడాల.

దీనికి ఉపాయం 1972లో న్యూజిలాండ్ డాక్టర్లు లిగ్గిన్స్, హోవీ చూపించారు. నొప్పులొచ్చిన తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తే కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు తొందరగా తయారవుతయ్. లిగ్గిన్స్‌కి ఈ సంగతి ముందు గొర్రెల మీద చేసిన పరిశోధనలో దొరికింది. ఇప్పుడు మన సర్కారు ఆసుపత్రుల్లో వాడేది డెక్సామెథసోన్, చాలా చవకైన మందు. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే, పెద్దాసుపత్రికి పంపేముందే ఏఎన్ఎం మొదటి డోసు వెయ్యొచ్చని కేంద్రం 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. అందుకని పీహెచ్‌సీలో మీరు అడగాల్సిన మాట ఇది: "అమ్మా, ఎన్నో వారం? బిడ్డ ఊపిరితిత్తుల ఇంజక్షన్ వెయ్యాల్నా?" డాక్టరు చూసి అవసరమా కాదా చెబుతారు. అడగడం మన హక్కు.

రెండో సంగతి ప్రయాణం. నెలతక్కువ బిడ్డని తీసుకెళ్ళడానికి అన్ని అంబులెన్సులకన్నా మంచి బండి తల్లి కడుపే. బిడ్డ పుట్టాక పరుగెత్తేకన్నా, పుట్టకముందే తల్లిని నవజాత శిశు విభాగం ఉన్న ఆసుపత్రికి చేర్చడం మేలు. కానీ మనకి బెజవాడ అరవై డెబ్భై కిలోమీటర్లు. వానాకాలంలో కట్టలేరు పొంగితే చప్టా మీద రాకపోకలు ఆగిపోతయ్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు బెజవాడనే ముంచేసింది. వంతెన సంగతి ఎన్నికలప్పుడు మాట్లాడుకునేది అనుకుంటారు గానీ, అది ప్రసూతి వైద్యం సంగతి కూడా. గర్భిణి ఉన్న ఇల్లు వానాకాలంలో తేదీ దగ్గర పడేదాకా ఆగకుండా, వాగుకి ఏ పక్కన ఉండాల్నో ముందే ఆలోచించుకోవాల. అట్టా ఆలోచించుకోవాల్సిన గతి పట్టించినోళ్ళని నిలదియ్యాల కూడా.

గాజు పెట్టె లోపల ఏం జరుగుద్ది

బిడ్డ పుట్టంగానే ఏడుపు వినకుండానే ఎవరో గుడ్డలో చుట్టి లోపలికి తీసుకుపోతారు. తల్లి ఇంకా ప్రసూతి వార్డులోనే ఉంటది. నాన్న గుమ్మం బయట చెప్పులిడిసి నిలబడతాడు. కొంతసేపటికి ఒక నర్సు పిలిచి, "దూరం నుంచి చూడండి" అంటది. అరచెయ్యంత బిడ్డ. ఒళ్ళంతా తీగలు. కాలికి ఒక ఎర్ర లైటు. తలుపు మీద పేరుండదు, "ఫలానామె బేబీ" అని తల్లి పేరుతో పట్టీ ఉంటది. చాలామంది నాన్నలు మొదటిసారి చూసి భయపడేది బిడ్డని కాదు, ఆ మిషన్లని. అవేంటో తెలిస్తే సగం భయం పోద్ది.

వార్మర్, ఇంక్యుబేటర్: వీటి పని వేడి ఇవ్వడం. నెలతక్కువ బిడ్డ చర్మం కింద కొవ్వు ఉండదు. ఒళ్ళు చల్లబడితే ఉన్న కాస్త శక్తీ వేడి పుట్టించుకోవడానికే ఖర్చయిపోద్ది.

సీపాప్: ముక్కుకి చిన్న గొట్టం పెట్టి, ఆపకుండా మెల్లగా గాలిని నెట్టుద్ది. గాలి గదులు మూసుకోకుండా తెరిచి ఉంచుద్ది. దీంతో సరిపోకపోతే సర్ఫాక్టెంట్ మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వేస్తారు. అప్పటికీ చాలకపోతే వెంటిలేటర్.

మానిటర్: గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటందో, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో అంకెల్లో చూపిస్తది. ఆక్సిజన్ తక్కువైతే ఎంత ప్రమాదమో, ఎక్కువైనా అంతే ప్రమాదం. అందుకే ఆక్సిజన్ పెట్టిన బిడ్డకి ఆ అంకెని సుమారు 90కీ 95కీ మధ్య ఉంచాలని చూస్తారు. నూరు చూపిస్తే బాగున్నట్టు అనుకోకండి.

నీలం లైటు: పసిరికలకి. కళ్ళకి గంతలు కట్టి ఆ లైటు కింద పడుకోబెడతారు. ఆ వెలుగు ఒంట్లో పసుపు రంగు పదార్థాన్ని విరిచి బయటికి పోయేట్టు చేస్తది.

కెఫిన్: అవును, కాఫీలో ఉండేదే. నెలతక్కువ బిడ్డ మెదడు అప్పుడప్పుడు ఊపిరి తియ్యమని చెప్పడం మర్చిపోద్ది. ఇరవై సెకన్ల పాటు ఊపిరి ఆగితే మిషను కూత పెడతది. నర్సమ్మ వచ్చి పాదం తట్టంగానే బిడ్డ మళ్ళీ ఊపిరి అందుకుంటది. ఈ మరుపు రాకుండా కెఫిన్ మందు ఇస్తారు.

ఇవన్నీ మన కాలం అదృష్టం. 1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెనడీకి ఒక కొడుకు ఐదున్నర వారాల ముందు పుట్టాడు. రెండు కేజీల పైనే బరువు. అయినా ఊపిరితిత్తుల జబ్బుతో రెండు రోజులకే చనిపోయాడు. ప్రపంచంలో అంత పెద్ద అధికారం ఉన్న తండ్రి కూడా ఏం చెయ్యలేకపోయాడు. ఈ రోజు అంత బరువున్న బిడ్డని మన జిల్లా స్థాయి ఆసుపత్రులే బతికిస్తన్నయ్. 2018లో హైదరాబాద్ రెయిన్‌బో ఆసుపత్రిలో 25 వారాలకే ఒక పాప పుట్టింది. బరువు 375 గ్రాములు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన దంపతుల బిడ్డ. నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉండి ఇంటికెళ్ళింది. సైన్సు అంత దూరం వచ్చింది. ఆ సైన్సు కట్టలేరు దాటి మన దగ్గరికి వస్తందా అన్నదే ప్రశ్న.

రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి

కన్నోళ్ళని ఎక్కువ కుంగదీసేది ఈ సంగతే. నిన్న "బాగుంది" అన్న డాక్టరు ఇవాళ "పాలు ఆపాం" అంటాడు. మొన్న గొట్టం తీసేశారు, రాత్రి మళ్ళీ పెట్టారు. "ఏదో దాస్తన్నారు, బిడ్డ చేతికి రాదు" అని నాన్న మెట్ల మీద కూర్చుని ఏడుస్తాడు. కొన్నిసార్లు బిడ్డని వైద్యం మధ్యలోనే ఇంటికి తీసుకుపోతారు.

నెలతక్కువ బిడ్డ ఎదుగుదల తిన్నగా మెట్లెక్కినట్టు ఉండదు. ఇది ముందే తెలియాల.

మొదటి వారం బరువు తగ్గుద్ది. వెయ్యి గ్రాముల బిడ్డ 880కో 900కో పడిపోవచ్చు. ఒంట్లో నీరు పోవడం వల్ల అట్టా అవుద్ది. రెండో వారానికి మెల్లగా పుట్టిన బరువుకొస్తది. ఆ తరవాత కేజీ బరువున్న బిడ్డ రోజుకి 15, 20 గ్రాములు పెరిగితే బాగా పెరుగుతున్నట్టే. మనకి అది చిటికెడు. ఆ బిడ్డకి అది పండగ.

మొదటి మూడు నాలుగు రోజుల్లో మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంటది. అందుకే తలకి స్కానింగ్ చేస్తారు. పొట్ట ఉబ్బితే పాలు ఆపేస్తారు, పేగులు దెబ్బతినకుండా. మూడో వారంలో కూడా చీము జబ్బు, అంటే ఇన్‌ఫెక్షన్ రావచ్చు. అప్పుడు మళ్ళీ యాంటీబయోటిక్స్, మళ్ళీ సెలైన్. వెనక్కి వెళ్ళినట్టు కనపడుద్ది. చాలామంది బిడ్డలు అక్కణ్ణించి మళ్ళీ లేస్తారు. అందరూ లేస్తారని అబద్ధం చెప్పను. కొందరు మన చేతికి రారు. అది తల్లి తప్పు కాదు, ఆమె తిన్నదాని వల్లా కాదు, గ్రహణం వల్లా కాదు. ఆ మాట అత్తగారింటికి వినపడేట్టు చెప్పాల్సిన బాధ్యత మనందరిదీ.

రోజూ డాక్టరు వచ్చినప్పుడు "ఎట్టా ఉంది సార్" అని అడిగితే "పర్లేదు" అనే జవాబొస్తది. దాంతో మనకేం తెలవదు. మూడు ప్రశ్నలు అడగండి. ఇవాళ ఊపిరికి ఎంత సాయం కావాల్సొస్తంది? పాలు ఎన్ని మిల్లీలీటర్లు పడతన్నయ్? బరువెంత? ఈ మూడిటినీ ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. పది రోజుల తరవాత వెనక్కి తిప్పి చూస్తే, ఒక రోజు పడిపోయినా మొత్తమ్మీద బిడ్డ ఎటు పోతందో మీకే కనపడుద్ది.

అమ్మపాలు మందే

లోపల అంతమంది డాక్టర్లుండంగా ఇంక నేనేం చెయ్యగలను అని తల్లి అనుకుంటది. ఆమె మాత్రమే ఇవ్వగలిగే మందు ఒకటుంది. నెలతక్కువ బిడ్డ పేగుల్ని కాపాడటంలో అమ్మపాలకి సాటి డబ్బాపాలు రావు. మొదట వచ్చే పసుపచ్చ ముర్రుపాలు మరీ విలువైనవి. మనోళ్ళు కొందరు ఇప్పటికీ వాటిని పిండి పారబోస్తారు. ఆ చుక్కల్లో రోగాన్ని ఎదిరించే శక్తి ఉంటది.

34 వారాల లోపు బిడ్డకి చీకడం, మింగడం, ఊపిరి తియ్యడం మూడూ కలిపి చెయ్యడం రాదు. అందుకని మొదట గొట్టం ద్వారా పొట్టలోకి పాలు పంపుతారు. ఒక మిల్లీలీటరు, రెండు మిల్లీలీటర్లతో మొదలు. తరవాత పాలాడతో పడతారు. పాలాడ అంటే కొత్తదేం కాదు, మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె లాంటిదే. ఆ తరవాత రొమ్ముకి పెడతారు. గొట్టం, గిన్నె, రొమ్ము: ఇదే బిడ్డ ఎక్కాల్సిన మెట్ల వరస.

అప్పటిదాకా తల్లి పాలు పిండి ఇవ్వాల. కాన్పయిన కొద్ది గంటల్లోనే మొదలుపెట్టి, రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా కలిపి రోజుకి ఎనిమిది సార్లు పిండితేనే పాలు ఆగకుండా ఉంటయ్. మొదట్లో నాలుగు చుక్కలే వస్తయ్. "నాకు పాలు లేవు" అని ఏడుస్తది. లేకపోవడం కాదు, ఇంకా రావడం మొదలుకాలేదంతే. ఈ సమయంలో తల్లికి కావాల్సింది కడుపునిండా అన్నం, నీళ్ళు, కూర్చోడానికి మరుగైన చోటు. పచ్చి బాలింతకి పత్యం పేరుతో వెల్లుల్లి కారం ముద్ద ఒక్కటే పెట్టి, నీళ్ళు తాగనీకుండా కడుపు మాడ్చితే ఆమెకేం ఒంటబట్టుద్ది, ఆమె ఎట్టా కోలుకుంటది?

నిజంగా పాలు చాలకపోతే, తల్లుల దగ్గర తీసుకుని శుద్ధి చేసి దాచే పాల బ్యాంకులున్నయ్. ఆసియాలో మొదటిది 1989లో ముంబై సయన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ పెట్టించారు. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో కూడా ఉంది. బిడ్డలు చేరే ప్రతి పెద్దాసుపత్రిలో ఇది ఉండాల్సిందే.

గుండెల మీద పడుకోబెట్టే వైద్యం

1978లో కొలంబియా దేశంలో బొగోటా నగరంలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలలేదు. ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గుర్ని పెడితే ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకునేది. డాక్టర్ ఎడ్గార్ రే, ఆయన తరవాత డాక్టర్ హెక్టర్ మార్టినెజ్ ఒక పని చేశారు. బిడ్డకి టోపీ, లంగోటీ తప్ప ఏం లేకుండా తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం ఆనేట్టు నిలువుగా పడుకోబెట్టి గుడ్డతో కట్టారు. కంగారూ తన పిల్లని సంచిలో పెట్టుకున్నట్టు. అదే కంగారూ సంరక్షణ.

పేద ఆసుపత్రిలో వేరే దారి లేక పుట్టిన ఈ పద్ధతి, డబ్బున్న ఆసుపత్రులకి కూడా పాఠం చెప్పింది. భారత్, ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల్లో చేసిన పెద్ద పరిశోధన 2021లో బయటికొచ్చింది. మన దేశంలో అది ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో జరిగింది. కేజీ నుంచి కేజీ ఎనిమిది వందల లోపు బరువున్న బిడ్డల్ని, కుదుటపడేదాకా ఆగకుండా పుట్టంగానే తల్లి గుండెల మీద పెడితే ఏమవుద్దో చూశారు. మామూలు పద్ధతిలో నూటికి దాదాపు 16 మంది చనిపోతే, ఇట్టా పెట్టిన బిడ్డల్లో 12 మంది. అంటే నాలుగో వంతు చావులు తగ్గినయ్. కొత్త మందేం లేదు. కొత్తగా చేసిందల్లా తల్లికి ఇంటెన్సివ్ కేర్ లోపల మంచం వెయ్యడమే. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే సిఫారసు చేసింది.

నాన్న కూడా చెయ్యొచ్చు. చొక్కా తీసి బిడ్డని గుండెకానించుకునే నాన్నని చూసి మన ఊళ్ళో నవ్వుతారేమో. నవ్వనీండి. తల్లికి ఆపరేషనై లేవలేనప్పుడు ఆ వేడి ఇవ్వాల్సింది నాన్నే, అమ్మమ్మే, నానమ్మే. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాల. ఉంగరాలు, గాజులు, వాచీ తియ్యాల. జలుబు, దగ్గు, ఒంటి మీద కురుపులు ఉన్నోళ్ళు దగ్గరికి పోకూడదు. మిగతాది సిస్టర్ చూపిస్తది.

ఇంత తెలిసినా, చాలాచోట్ల కన్నోళ్ళని రోజుకి ఒకసారో రెండుసార్లో కిటికీలోంచి చూపించి పంపేస్తన్నారు. మా ఊరోళ్ళ వెంట ఆసుపత్రులకి తిరిగినోణ్ణి, పేరు చెప్పను గానీ ఒక చోట పచ్చి బాలింత మూడు అంతస్తులు మెట్లెక్కి, పాలగిన్నె గుమ్మం దగ్గరిచ్చి, బిడ్డ మొహం చూడకుండానే దిగిపోవడం చూశా. ఇన్‌ఫెక్షన్ వస్తదని లోపలికి రానియ్యరంట. ఆ భయం అబద్ధం కాదు. దానికి మందు చేతులు కడగడం, తల్లికి నేర్పడం, చోటివ్వడం. తల్లిని బయటపెట్టడం కాదు. వార్డుల్లో సిస్టర్ల కొరత ఎంతుందో నాకు తెలుసు. ఒక్క సిస్టర్ అంతమంది బిడ్డల్ని చూసుకుంటంటే, నేర్పించిన తల్లి ఆమెకి అడ్డం కాదు, ఆసరా.

నెల రోజుల్లోపు కళ్ళ పరీక్ష

మీరు ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటే, ఇది గుర్తుపెట్టుకోండి.

కంటి వెనక తెరకి రక్తనాళాలు కడుపులో ఆఖరి వారాల్లో పూర్తవుతయ్. ముందే పుడితే అవి సగంలో ఆగి, తరవాత వంకరటింకరగా పెరగొచ్చు. ఆక్సిజన్ ఎక్కువ తక్కువలైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. తెర ఊడొచ్చేస్తే చూపు పోద్ది, మళ్ళీ రాదు. ఈ జబ్బుని ఆర్‌ఓపీ అంటారు. 1950లో ఆరు వారాల ముందు పుట్టిన అమెరికా పాటగాడు స్టీవీ వండర్ చూపు పోయింది ఈ జబ్బుతోనే.

పైకి కన్ను మామూలుగానే కనపడుద్ది. అందుకే పరీక్ష చెయ్యాల. 34 వారాల లోపు పుట్టిన బిడ్డకీ, రెండు కేజీల లోపు పుట్టిన బిడ్డకీ నెల రోజులు నిండేలోపు కంటి డాక్టరు చుక్కలేసి వెనక తెర చూడాల. 28 వారాల లోపు, లేదా 1200 గ్రాముల లోపు పుడితే రెండు మూడు వారాలకే చూడాల. జబ్బుంటే లేజరో ఇంజక్షనో వెంటనే చెయ్యాల. ఆ గడువు రోజుల లెక్కే. ఒక్కసారి చూస్తే సరిపోదు, మళ్ళీ రమ్మంటే మళ్ళీ పోవాల. బెజవాడ దగ్గర తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. హైదరాబాద్‌లో ఇదే సంస్థ 1997 నుంచీ నెలతక్కువ బిడ్డల కళ్ళు చూసే పని చేపట్టింది.

చెన్నై ఎగ్మోరు సర్కారు ఆసుపత్రిలో 1996లో 29 వారాలకి, 1250 గ్రాములతో ఒక పాప పుట్టింది. డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు. కానీ కళ్ళ పరీక్ష సంగతి కన్నోళ్ళకి ఎవరూ చెప్పలేదు. తెలిసేసరికి చూపు పోయింది. ఆ తండ్రి కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, పాప పుట్టిన 19 ఏళ్ళకి, 2015లో సుప్రీంకోర్టులో గెలిచాడు. కోటి రూపాయలకి పైగా పరిహారం ఇవ్వమని తీర్పొచ్చింది. చూపు మాత్రం రాలేదు. డిశ్చార్జి చీటీ మీద కళ్ళ పరీక్ష తేదీ ఉందో లేదో చూడటానికి మనకి ఒక్క నిమిషం పట్టుద్ది.

ఇంటికొచ్చాక

బరువు వరసగా పెరగడం, వార్మర్ లేకుండా ఒళ్ళు వెచ్చగా ఉండటం, గిన్నెతోనో రొమ్ముతోనో పాలు తాగడం, కొన్ని రోజులుగా ఊపిరి ఆగకపోవడం. ఇవన్నీ చూసి ఇంటికి పంపుతారు. ఊరొచ్చాక అసలు పరీక్ష మొదలు. చూడటానికి ఊరంతా వస్తది. ప్రతి ఒక్కరూ ఎత్తుకుంటామంటారు. మొహమాటం లేకుండా వద్దని చెప్పండి.

సాంబ్రాణి పొగ వెయ్యొద్దు, ఆ ఊపిరితిత్తులు తట్టుకోలేవు. ముక్కులో, చెవుల్లో నూనె పొయ్యొద్దు. తేనె, వస, పంచదార నీళ్ళు నాకించొద్దు. కంగారూ సంరక్షణ ఇంట్లో కూడా సాగించండి. టీకాలు పుట్టిన తేదీ లెక్కనే వేయించాల. ఎదుగుదల మాత్రం పుట్టాల్సిన తేదీ నుంచి లెక్క చూడాల. ఎనిమిది వారాల ముందు పుట్టిన బిడ్డకి ఆరు నెలలొస్తే, ఎదుగుదల లెక్కలో నాలుగు నెలలే. పక్కింటి పిల్లతో పోల్చి "ఇది ఇంకా బోర్లా పడలేదు" అని తల్లిని దెప్పొద్దు. చెవులు, మెదడు, నడక చూపించుకోవడానికి డాక్టరు రమ్మన్న ప్రతి తేదీకీ పోవాల. ఆశా వర్కరు ఇంటికొచ్చి బిడ్డని తూచి చూడాల. రాకపోతే అడగండి.

పాలు తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా, ఊపిరి ఎగబోసి పక్కటెముకలు లోపలికి లాగుతున్నా, పెదాలు నీలంగా మారినా, ఫిట్సొచ్చినా, అరికాళ్ళ దాకా పసుపెక్కినా మంత్రాలకీ నాటు వైద్యానికీ పోకుండా 108కి ఫోను చెయ్యండి.

ఇది దయ కాదు, హక్కు

2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్ష పథకం కింద సర్కారు ఆసుపత్రిలో జబ్బు పడ్డ నవజాత శిశువుకి మందులు, పరీక్షలు, రక్తం, ప్రయాణం అన్నీ ఉచితం. మొదట 30 రోజుల వరకే ఉండేది, తరవాత ఏడాది బిడ్డ దాకా పెంచారు. బయట మందుల షాపుకి చీటీ రాసిస్తే "ఈ పథకంలో ఇది రాదా సార్" అని అడగండి. ప్రైవేటులో చేర్చాల్సొస్తే ఆరోగ్యశ్రీలో, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్యసేవలో, ఏ ప్యాకేజీ వర్తిస్తదో చేర్చకముందే ఆరోగ్యమిత్రని కనుక్కోండి. వారాల తరబడి ఉండాల్సిన వైద్యం ఇది. నాన్న కూలి పోద్ది, మిరప కోతలు పోతయ్, వడ్డీకి తెస్తాడు. బిడ్డ ఇంటికొచ్చేసరికి అప్పు కూడా వస్తది.

ముందుగా ఆపగలిగేవి కూడా ఉన్నయ్. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిందేంటంటే, మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది. ఆడోళ్ళలో నూటికి 59 మందికి రక్తం తక్కువ. చిన్న వయసు కాన్పు, రక్తహీనత, చూపించుకోని బీపీ: నెలతక్కువ కాన్పుకి దారితీసే కారణాల్లో ఇవీ ఉన్నయ్. పదో తరగతి అయిపోంగానే చెల్లికి సంబంధం చూస్తంటే ఎదురు మాట్లాడటం కూడా బిడ్డల్ని కాపాడటమే.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవీ. నవజాత శిశు విభాగం ఉన్న ప్రతి ఆసుపత్రిలో తల్లికి లోపల మంచం, నాన్నకి బయట నీడా నీళ్ళూ. సరిపడా సిస్టర్లు. ప్రతి డిశ్చార్జి చీటీ మీద కళ్ళ పరీక్ష తేదీ. తిరువూరు దాకా వచ్చి కళ్ళు చూసే ఏర్పాటు. ఏ వానలోనైనా కట్టలేరు దాటే దారి. వీటిల్లో ఒక్కటి కూడా కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. పక్క గదిలో మంచం వెయ్యడం, చీటీ మీద తేదీ రాయడం, వాగు మీద వంతెన కట్టడం. ఈసారి గ్రామసభ జరిగినప్పుడు ఈ కాగితం పట్టుకుని లేచి నిలబడేది మీలో ఎవరు?